ఒకే షెడ్యూలు, రెండు రకాల చావులు: విశాఖ తీరంలో తిమింగల సొర, తూర్పు కనుమల్లో అలుగు

2021 డిసెంబరులో విశాఖపట్నానికి దక్షిణాన తంతడి తీరంలో మత్స్యకారుల వలకు ఒక తిమింగల సొర చిక్కింది. బరువు సుమారు 2 టన్నులు ఉంటుందని అప్పట్లో అంచనా వేశారు. అటవీ శాఖ సిబ్బంది, మత్స్యకారులు, వన్యప్రాణి సంరక్షకులు కలిసి దాన్ని మళ్లీ లోతు నీళ్ల దాకా నెట్టారు. అది ప్రాణాలతో సముద్రంలోకి వెళ్లిపోయింది. వేల్ షార్క్ పేరుతో ఆ వార్త దేశమంతా తిరిగింది.

తూర్పు కనుమల వైపు నుంచి అలుగు, అంటే ఒంటి నిండా పొలుసులుండే పాంగోలిన్ అనే జంతువు గురించి వచ్చే వార్తలు ఇంకో రకంగా ఉంటాయి. అమ్మబోతుండగా పట్టుకున్నారు, ఇంతమందిని అరెస్టు చేశారు, గోనె సంచిలో కట్టిన జంతువును స్వాధీనం చేసుకున్నారు. సొర వార్తలో నిందితుల ఊసే ఉండదు. అలుగు వార్త నిందితుల పేర్లతోనే మొదలవుతుంది. రెండు ప్రాణులకూ చట్టం ఒకటే, శిక్ష ఒకటే. అయినా ఒకదాని విషయంలో ఎంతో కొంత దారి దొరికింది, రెండోదాని విషయంలో ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాం. కారణం ఆ రెండూ చచ్చే తీరులో ఉంది. సొర ఇప్పుడు ఎక్కువగా ప్రమాదవశాత్తూ చస్తోంది. అలుగును పని గట్టుకుని పట్టి చంపుతున్నారు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ఈ రెండూ షెడ్యూల్ 1లోనే ఉన్నాయి. పులికి, ఏనుగుకు ఇచ్చే రక్షణే వీటికీ ఉంటుంది. చంపినా, పట్టినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25,000 రూపాయల జరిమానా. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి రెడ్ లిస్టులోనూ రెండిటిదీ ఒకే వర్గం, అంతరించే ప్రమాదంలో ఉన్నవి. అలుగును 2014లో ఆ వర్గంలో చేర్చారు, తిమింగల సొరను 2016లో. కాగితం మీద ఇంతగా పోలిన రెండు ప్రాణులు ఎదురుగా పెట్టి చూస్తే ఇంత వేరుగా ఉండడం అరుదు.

విశాఖలో కూర్చుని ఈ పోలిక చేయడానికి బలమైన కారణమే ఉంది. ఇక్కడ తూర్పు కనుమలు సముద్రం అంచు దాకా వస్తాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ నేరుగా నీళ్లలోకే దిగుతుంది. కంబాలకొండ అభయారణ్యం ఊరిని ఆనుకునే ఉంది. అటు పాడేరు, అరకు వైపు వెళ్తే అసలు అడవి. ఇటు హార్బర్ దాటి కాస్త దూరం పోతే చాలు, సముద్రం త్వరగా లోతెక్కుతుంది. పెద్ద చేపలు తీరానికి దగ్గరగా రావడానికి అదొక కారణం. 2022లో జిల్లాలు విడిపోయాక తంతడి అనకాపల్లి జిల్లాలోకి, ఏజెన్సీ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కానీ హార్బర్, రైల్వే స్టేషన్, హైవే అన్నీ విశాఖలోనే. సముద్రంలో పట్టింది ఇక్కడికే వస్తుంది, కొండల్లో పట్టింది ఇటుగానే బయటికి పోతుంది.

వేటాడని సొర, కరవని అలుగు

సొర అనగానే పళ్లు గుర్తొస్తాయి. తిమింగల సొరకూ నోట్లో చిన్న చిన్న పళ్లు వేలల్లో ఉంటాయి, కానీ తిండికి వాటితో పనే లేదు. నోరు తెరిచి నీళ్లు లోపలికి తీసుకుని, మొప్పల దగ్గర వడకట్టి, అందులో ఉన్న ప్లవకాలను (నీటిలో తేలుతూ ఉండే అతి చిన్న జీవులను), చేపగుడ్లను, రొయ్య పిల్లల్లాంటి చిన్న ప్రాణులను మింగుతుంది. భూమి మీద ఉన్న చేపలన్నిటిలోకీ ఇదే పెద్దది. 18 మీటర్ల దాకా పెరిగినవి నమోదయ్యాయి. పేరులో తిమింగలం ఉన్నా ఇది చేపే. తిమింగలం ఊపిరి కోసం పైకి రావాలి, దీనికి ఆ అవసరం లేదు. అయినా ఎక్కువ సమయం నీటి పైపొరల్లోనే గడుపుతుంది, తిండి అక్కడే కాబట్టి. అప్పుడప్పుడు మాత్రం 1,900 మీటర్ల కంటే లోతుకు కూడా దిగుతుంది.

అలుగుకు అసలు పళ్లే లేవు. చీమలు, చెదపురుగులు దాని తిండి. ముందు కాళ్ల గోళ్లతో పుట్టను తవ్వి, జిగురుగా ఉండే పొడవాటి నాలుకను లోపలికి పంపి పురుగులను లాక్కుంటుంది. మన దగ్గర ఉండే భారతీయ అలుగు తోకతో కలిపి సుమారు మీటరు పొడవు, బరువు 10 నుంచి 16 కిలోలు. ఒంటి నిండా పొలుసులున్న క్షీరదాలు ప్రపంచంలో అలుగులు మాత్రమే. ఆ పొలుసులు మన గోళ్లలో ఉండే కెరటిన్ అనే పదార్థంతోనే తయారవుతాయి. గోరు కొరికితే ఏ రోగం తగ్గుతుందో అలుగు పొలుసు పొడితోనూ అంతే తగ్గుతుంది. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా చాలదు. ఎందుకంటే కథంతా ఆ పొలుసు చుట్టూనే తిరుగుతోంది.

రెండు ప్రాణుల రక్షణ ఏర్పాటునూ పక్కపక్కన పెట్టి చూడాలి. తిమింగల సొరకు చాలా మందమైన చర్మం ఉంది, ఒంటి సైజు ఉంది. పెద్దయ్యాక దాని జోలికి వచ్చే జంతువులు సముద్రంలో బహు తక్కువ. అలుగు ప్రమాదం వస్తే పొట్టలోకి ముఖం దాచుకుని గుండ్రంగా చుట్టుకుపోతుంది. పొలుసుల అంచులు పదును, తోక బలం ఎక్కువ. తల్లి అయితే పిల్లను మధ్యలో పెట్టుకుని దాని చుట్టూ చుట్టుకుంటుంది. చిరుతపులి కూడా ఆ ఉండను విప్పలేక వదిలేసి పోవచ్చు. లక్షల ఏళ్లుగా పనిచేసిన ఉపాయం అది. మనిషి ముందు మాత్రం అదే దాని ప్రాణం మీదికి వచ్చింది. పారిపోకుండా, కరవకుండా, చుట్టుకుని కదలకుండా ఉన్న జంతువును వంగి ఎత్తి సంచిలో వేసుకోవడానికి ధైర్యమూ అక్కర్లేదు, తుపాకీ అక్కర్లేదు. సొరదీ అలాంటి ఇబ్బందే. నెమ్మదిగా, పైపైన, నోరు తెరుచుకుని ఈదే చేప వల కనపడితే చటుక్కున మళ్లదు, పడవ వస్తుంటే తప్పుకోదు.

సంతానం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1995లో తైవాన్‌లో దొరికిన ఒక ఆడ తిమింగల సొర కడుపులో దాదాపు 300 పిల్లలు ఉన్నాయి. అలుగు ఒక కాన్పుకు సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. ఆ పిల్ల తల్లి తోక మొదట్లో ఎక్కి తిరుగుతుంది. అంకెలు చూస్తే సొరకు లోటేమీ లేదనిపిస్తుంది. కానీ ఆ 300 పిల్లలు ఏళ్ల తరబడి ఆగితే గానీ రావు. తిమింగల సొర పిల్లల్ని కనే వయసుకు రావడానికి పాతికేళ్లకు పైగా పడుతుందని అంచనా. పాకిస్తాన్ తీరానికి కొట్టుకొచ్చిన 10 మీటర్ల సొర వెన్నెముకను పరిశీలించి, దాని వయసు 50 ఏళ్లని 2020లో తేల్చారు. 1950, 60ల్లో జరిగిన అణు పరీక్షల వల్ల సముద్రంలో పెరిగిన కార్బన్-14 ఆ వెన్నుపూసల పొరల్లో మిగిలిపోయింది. ఆ గుర్తుతోనే ఏళ్లు లెక్కపెట్టగలిగారు. అంత నిదానంగా పెరిగే చేప ఒక్కటి వలలో చచ్చినా, పాతికేళ్లుగా పెరుగుతున్న తల్లి కావచ్చు. అంటే ఒకటి తక్కువ కంటుంది, ఇంకొకటి ఆలస్యంగా కంటుంది. చివరికి రెండిటికీ పోయినదాన్ని పూడ్చుకునే శక్తి తక్కువే.

సొర ఎలా చస్తుంది

తిమింగల సొరను కూడా ఒకప్పుడు మన దేశంలో వేటాడారు. గుజరాత్ తీరంలో, ముఖ్యంగా వేరావల్ వైపు, 1990ల్లో ఇది పెద్ద వ్యాపారం. కాలేయం నుంచి తీసిన నూనె చెక్క పడవలకు పూసేవాళ్లు, నీరు లోపలికి ఇంకకుండా. మాంసం విదేశాలకు వెళ్లేది. 2001 మేలో దీన్ని షెడ్యూల్ 1లో చేర్చారు. మన దేశంలో ఆ రక్షణ పొందిన మొదటి చేప ఇదే.

అదే ఏడాది జూలైలో కేంద్రం ఇంకో అడుగు ముందుకేసి సొరలన్నిటినీ, టేకు చేపలనూ కలిపి వాటి వేటనే నిషేధించింది. తీరమంతా గొడవైంది. డిసెంబరుకల్లా ఆ జాబితాను 10 జాతులకు కుదించారు. ఈ వెనకడుగును తప్పుపట్టేవాళ్లు ఉన్నారు గానీ, ఆంధ్ర తీరంలో సొర చేప వంట తెలిసినవాళ్లకు అది ఎందుకు తప్పలేదో అర్థమవుతుంది. సొరపుట్టు ఇక్కడ అలవాటైన కూర. బాలింతలకు పాలు పడతాయని ప్రత్యేకంగా వండిపెడతారు. చిన్న సొరలు విశాఖ హార్బర్లో రోజూ అమ్ముడవుతాయి. అలాంటి చోట సొరలన్నీ నేరమంటే ఎవరూ వినరు. ఈ సొర పట్టవచ్చు, ఆ సొర పట్టకూడదు అని జాతి పేరుతో విడమరిచి చెప్పాలి. తిమింగల సొర విషయంలో అది తేలిక. ఒంటి మీద తెల్ల చుక్కలు, గీతలు, బల్లపరుపు తల, తలకు సరిగ్గా ముందు అంచున నోరు. చూస్తే పొరపడే అవకాశమే లేదు. తక్కిన రక్షిత సొరల విషయంలో, అప్పటికే చచ్చి ఐసులో పడి ఉన్నప్పుడు, గుర్తుపట్టడం తెలిసినవాళ్లకే కష్టం.

కాబట్టి ఇవాళ విశాఖ తీరంలో తిమింగల సొరను కావాలని వేటాడే వ్యాపారం అంటూ లేదు. అది వేరే చేప కోసం వేసిన వలలో పడుతుంది. కవళ్లు, కానాగంతలు లాంటి గుంపు చేపల కోసం వల వేస్తారు. ఆ చేపలు ఏ ప్లవకాల కోసం వస్తాయో సొరా వాటి కోసమే వస్తుంది. వల లాగేటప్పుడు బరువు చూసి మంచి గుంపు పడిందనుకుంటారు. తీరా చూస్తే టన్నుల బరువున్న చేప లోపల తిరుగుతూ ఉంటుంది. దాన్ని బయటికి పంపాలంటే వల కోయాలి. కోస్తే ఆ పూట పట్టిన చేపంతా పోతుంది, వల కూడా పోతుంది. పెద్ద వలలు చాలా వరకు అప్పు చేసి కొన్నవే.

వదిలేసే పద్ధతిలోనూ ఒక పాఠం ఉంది. ఒడ్డుకొచ్చిన సొరను తాడుతో తోక పట్టి లాగితే వెన్నెముక దెబ్బతింటుంది. మొప్పల్లో చెయ్యిగానీ కొక్కెంగానీ పెట్టకూడదు. నీళ్లలో తేలే శరీరం ఇసుక మీద ఉంటే సొంత బరువే లోపలి అవయవాలను నొక్కేస్తుంది. అందుకని పోటు వచ్చే దాకా మొప్పల మీద నీళ్లు పడుతూ ఉండాలి, తల సముద్రం వైపు తిప్పాలి, నీరు పెరగగానే ముందుకు నెట్టాలి. ఇవి తెలిసిన నలుగురు అక్కడ ఉంటే చేప బతుకుతుంది. లేకపోతే మంచి ఉద్దేశంతోనే చంపుతారు.

వల తర్వాతి ముప్పు ఓడలు. 2022లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో దాదాపు 350 సొరలకు అమర్చిన ట్యాగుల సమాచారాన్ని ఓడల రాకపోకలతో కలిపి చూశారు. సొరలు తిరిగే ప్రాంతంలో 90 శాతానికి పైగా పెద్ద ఓడల దారుల్లోనే ఉందని తేలింది. కొన్ని ట్యాగులు రద్దీ ఓడ దారిలో ఉండగా సంకేతం ఆపేశాయి. ఇంకొన్ని, సొర నెమ్మదిగా సముద్రం అడుగుకు మునిగిపోతున్నట్టు లోతు లెక్కలు నమోదు చేశాయి. ఓడ కొట్టిన తిమింగల సొర తేలదు, మునిగిపోతుంది. శవం ఎవరికీ కనపడదు, కేసు ఉండదు, ఓడలో ఉన్నవాళ్లకు తగిలినట్టు కూడా తెలియకపోవచ్చు. విశాఖలో ఒకే ఊరికి రెండు పెద్ద ఓడరేవులు ఉన్నాయి, విశాఖ పోర్టు, గంగవరం పోర్టు. ఈ తీరంలో సొరల రక్షణ గురించి మాట్లాడేటప్పుడు చూపంతా మత్స్యకారుల వల మీదే పెట్టి ఓడలను వదిలేయడం న్యాయం కాదు. చిన్న పడవవాడికి చట్టం చెప్పడం సులువు, అందుకే అతనికే చెబుతున్నారు.

అలుగు ఎలా చస్తుంది

అలుగు మరణంలో ప్రమాదం పాత్ర తక్కువ. రోడ్ల మీద బండ్ల కింద పడేవి కొన్ని ఉంటాయి. అసలు దెబ్బ మాత్రం ఆర్డరు మీద జరిగే వేటదే. బొరియ గుర్తుపట్టి, తవ్వి లేదా పొగపెట్టి బయటికి రప్పిస్తారు. పట్టినవాడి చేతి నుంచి మధ్యవర్తికి, అక్కడి నుంచి పెద్ద వ్యాపారికి, ఈశాన్య రాష్ట్రాల మీదుగా సరిహద్దు దాటి పోతుంది. చివరి మజిలీ చైనా, వియత్నాం సంప్రదాయ మందుల వ్యాపారం.

వన్యప్రాణుల వ్యాపారంపై నిఘా పెట్టే ట్రాఫిక్ అనే సంస్థ లెక్క ప్రకారం 2018 నుంచి 2022 వరకు మన దేశంలో 342 ఘటనల్లో 1,203 అలుగులు అక్రమ రవాణాలో బయటపడ్డాయి. అందులో మన పక్కనే ఉన్న ఒడిశాలోనివే 74 ఘటనలు, 154 అలుగులు. ఇవి పట్టుబడినవి మాత్రమే. ప్రపంచం లెక్క చూస్తే ఇది చిన్నది. 2019 ఏప్రిల్‌లో సింగపూర్‌లో ఒకే సరుకులో 12.9 టన్నుల పొలుసులు దొరికాయి. నైజీరియా నుంచి వియత్నాం వెళ్తున్న ఆ సరుకు కోసం 17,000 అలుగుల్ని చంపి ఉంటారని అంచనా. ఆసియా అలుగులు తగ్గిపోయే కొద్దీ వ్యాపారం ఆఫ్రికా మీద పడింది. 2016లో 8 జాతుల అలుగులన్నిటి అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించారు. 2020లో చైనా తన అధికారిక ఔషధ గ్రంథంలోని ముడి దినుసుల జాబితా నుంచి అలుగు పొలుసును తీసేసింది. ఇవి పెద్ద మార్పులే. అయినా మన కొండల్లో వేట వెంటనే తగ్గదు. ఇక్కడ వేటను నడిపిస్తున్నది చైనా గిరాకీ ఒక్కటే కాదు గనుక.

తెలుగు నేల మీద ఒక రకం మోసం చాలాకాలంగా తిరుగుతోంది. బియ్యపు గింజలను తనవైపు లాగుతుందని చెప్పే రైస్ పుల్లింగ్ చెంబుకు విదేశాల్లో కోట్లు ఇస్తారట, రెండు తలల పాము దొరికితే జీవితం మారిపోతుందట. అలుగూ అదే జాబితాలోకి చేరింది. బతికున్న అలుగుకు లక్షలు, కోట్లు పలుకుతాయని ఎవరో చెబుతారు. ఫోన్లో వీడియో తీసి పంపమంటారు. కొనేవాడు వస్తాడని వారం, పది రోజులు జంతువును సంచిలోనో డ్రమ్ములోనో దాచి ఉంచుతారు. ఆ కొనేవాడు చాలాసార్లు అసలు ఉండడు. ఉంటే మారువేషంలో వచ్చిన అధికారే కావచ్చు. ఈలోగా అలుగుకు తిండి ఉండదు. అది చీమలు, చెదలు తప్ప వేరేది తినడానికి అలవాటు పడిన జంతువు కాదు. అన్నం, అరటిపండు, పాలు ముందు పెడితే ముట్టుకోదు. ఒత్తిడికి, ఆకలికి నీరసించి చస్తుంది. అంటే నిజంగా గిరాకీ లేకపోయినా, ఉందన్న పుకారు చాలు ఒక అలుగును చంపడానికి. చైనాలో గిరాకీ తగ్గినా వాట్సాప్‌లో పుకారు తగ్గకపోతే మన అడవికి ఒరిగేది ఏమీ లేదు. అలుగు రక్షణలో తక్కువ దృష్టి పడుతున్న విషయం ఇదే.

మాంసం కోసం పట్టడం, పొలుసుతో ఉంగరం చేయించుకుంటే రోగాలు పోతాయన్న నమ్మకం కొన్ని చోట్ల పాతవే. వాటి వల్ల అలుగు వందల ఏళ్లు అంతరించలేదు. కొండ మీది గిరిజనుడిని దోషిగా నిలబెట్టి, కింద లాడ్జీ గదిలో బేరం కుదిర్చేవాడిని వదిలేస్తే ఈ కేసుల్లో న్యాయం జరిగినట్టు కాదు.

ఒకరికి పరిహారం, మరొకరికి ఏమిటి

గుజరాత్‌లో 2004 నుంచి జరిగిన ప్రయత్నం సొర విషయంలో మంచి ఫలితం ఇచ్చింది. ప్రముఖ రామకథా ప్రవచనకర్త మొరారీ బాపు ఆ ప్రచారానికి ముందు నిలబడ్డారు. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల లాంటిది ఈ చేప, దాన్ని చంపుకుంటామా అని ఆయన మత్స్యకారులను అడిగారు. భావనతో పాటు డబ్బు ఏర్పాటూ జరిగింది. సొరను వదలడానికి వల కోస్తే ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. పడవవాళ్లు వల కోసి సొరను వదులుతున్న ఫొటో తీసి చూపిస్తే చాలు. అప్పటి నుంచి అక్కడ 900కు పైగా తిమింగల సొరలను వదిలారు. మహారాష్ట్ర 2018 చివర్లో రక్షిత సముద్ర జీవులన్నిటికీ ఇలాంటి పరిహారం ప్రకటించింది, 25,000 రూపాయల వరకు. తంతడి ఘటన సమయంలో విశాఖ అటవీ అధికారులు కూడా వల నష్టానికి పరిహారం ఉంటుందని చెప్పారు. ఆ మాట హార్బర్లో ప్రతి బోటు డ్రైవరుకూ, ప్రతి కలాసీకీ తెలిసి ఉండాలి. డబ్బు కూడా నెలలు తిరగకుండా చేతికి రావాలి. కొత్త వల కోసం వడ్డీకి తిరిగే మనిషికి ఏడాది తర్వాత వచ్చే పరిహారం ఎందుకూ పనికిరాదు.

ఇదే పద్ధతిని అలుగుకు పెడితే? అలుగును తెచ్చి అప్పగించినవారికి బహుమతి అని ప్రకటించారనుకోండి, మరుసటి రోజే అప్పగించడం కోసం అలుగులను పట్టడం మొదలవుతుంది. సొరను బోటుకెక్కించి తెచ్చి ఇచ్చేవాడు ఎవడూ ఉండడు. అలుగును మాత్రం ఎవరైనా సంచిలో తేగలరు. అందువల్ల అక్కడ డబ్బు జంతువుకు కాకుండా సమాచారానికి, పొలం దగ్గర బొరియ ఉన్నా కదపకుండా కాపాడిన గ్రామానికి చేరాలి. వనసంరక్షణ సమితుల లాంటి వ్యవస్థ ద్వారా ఊరికి ఇస్తే, కాపాడిన ఫలం ఊరందరికీ కనపడుతుంది.

ఫొటో విషయంలోనూ రెండిటికీ పూర్తిగా ఎదురు లెక్క. తిమింగల సొర ఒంటి మీది చుక్కల వరుస ఒక్కో చేపకు ఒక్కో రకంగా ఉంటుంది, జీవితాంతం దాదాపు అలాగే ఉంటుంది. మొప్పల వెనుక ఎడమ పక్కన తీసిన ఒక్క ఫొటో ఉంటే కంప్యూటర్ దాన్ని పాత ఫొటోలతో పోల్చి ఇదే చేప అని చెప్పగలదు. హబుల్ టెలిస్కోప్ చిత్రాల్లో నక్షత్రాల అమరికను పోల్చడానికి వాడిన గణిత పద్ధతినే ఇందుకు వాడుకున్నారు. అంటే విశాఖ బోటు నుంచి తీసిన ఒక ఫోన్ ఫొటో హిందూ మహాసముద్రంలో ఇంకెక్కడో పదేళ్ల క్రితం తీసిన ఫొటోతో కలవవచ్చు. ఇక్కడ మత్స్యకారుడు ఒక పరిశోధకుడికి సమానం. ఫొటో ఎంత ఎక్కువ తిరిగితే సొరకు అంత మేలు.

అలుగు ఫొటో తిరగకూడదు. మా ఊరి తోటలో అలుగు కనపడింది అని ఊరి పేరుతో ఒక వీడియో పెడితే, ఆ రాత్రికే ఎవరో బయల్దేరతారు. మంచి మనసుతో పెట్టిన పోస్టే వేటగాడికి చిరునామా అవుతుంది. పత్రికలు కూడా ఈ విషయంలో జాగ్రత్త పడాలి. పట్టుబడిన అలుగు విలువ ఇన్ని లక్షలు అని శీర్షికలో రాయడం వల్ల చదివేవాడికి కలిగే ఎరుక తక్కువ, పుట్టే ఆశ ఎక్కువ. విడిచిపెట్టిన చోటు పేరు రాయడం అంతకంటే ప్రమాదం.

లెక్క తేలకపోవడం రెండిటికీ ఉన్న మరో పెద్ద లోటు. 2022 గణనలో మన దేశంలో పులులు 3,682 అని అంచనా కట్టగలిగారు. చారలను బట్టి ఒక్కొక్క పులినీ గుర్తుపట్టే కెమెరా ట్రాప్‌లు, దశాబ్దాలుగా పెట్టిన డబ్బు ఉన్నాయి గనుక అది కుదిరింది. రాత్రిపూట ఒంటరిగా తిరిగి పగలు బొరియలో పడుకునే అలుగుకు అలాంటి దేశవ్యాప్త లెక్క లేదు, దేశాల హద్దులు దాటి వేల కిలోమీటర్లు తిరిగే సొరకూ లేదు. లెక్క లేని ప్రాణికి బడ్జెట్ అడగడం కష్టం. సొరకైనా చుక్కల దారి ఉంది. అలుగుకు బొరియల సర్వేలు, ఆ చుట్టుపక్కల పెట్టే కెమెరాలు తప్ప వేరే దారి లేదు. ఆ పని అడవి ఎరిగిన గిరిజన యువకుల సాయం లేకుండా జరగదు. వేటకు ఉపయోగపడే తెలివితేటలే సర్వేకూ కావాలి.

అలుగు కేసుల్లో తక్షణం సరిచేయగలిగినది ఒకటుంది. ప్రాణంతో స్వాధీనం చేసుకున్న అలుగు కేసులో సాక్ష్యం కూడా అవుతుంది. ఫొటోలు, కొలతలు, పశువైద్యుడి పరీక్ష, కోర్టు అనుమతి, ఆ తర్వాతే విడుదల. ఈ క్రమంలో పోయే ప్రతి పూటా దానికి ఉపవాసమే. అలుగును బందీగా బతికించడం ఎంత కష్టమో భువనేశ్వర్ దగ్గరి నందన్‌కానన్‌లో ఉన్న అలుగుల సంతానోత్పత్తి కేంద్రం అనుభవం చూస్తే తెలుస్తుంది. చీమగుడ్లు సేకరించి పెట్టడం దగ్గర్నుంచి ప్రత్యేక ఏర్పాట్లు కావాలి. మామూలు రేంజ్ ఆఫీసు గదిలో అది సాధ్యం కాదు. దెబ్బలు లేని అలుగును పత్రాలు పూర్తిచేసి ఆ రాత్రికే అడవిలో వదిలే వెసులుబాటు ఉండాలి. కేసు నిలబడడానికి వీడియో, నమూనాలు సరిపోయేలా ముందే మేజిస్ట్రేట్లతో, అటవీ అధికారులతో ఒక పద్ధతి ఖరారు చేసుకోవచ్చు.

హార్బర్లో చేయాల్సిన పనికి కూడా సరైన సమయం ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. బోట్లు జెట్టీకి కట్టేసి ఉంటాయి, వలల మరమ్మతు జరుగుతూ ఉంటుంది, సముద్రం మీదుండే మనుషులు అప్పుడే ఒడ్డున దొరుకుతారు. సొర పడితే వల ఎక్కడ కోయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఏ పక్క ఫొటో తీయాలి అన్నవి వల బాగుచేస్తున్న చోటే చెబితే గుర్తుంటాయి. అదే ఏప్రిల్‌లో ఏజెన్సీలో ఇటుకల పండుగ వస్తుంది, ఆచారంగా వేటకు వెళ్లే రోజులవి. ఆ సమయంలో గ్రామాల మీద దాడులు చేసినట్టు తనిఖీలు పెడితే పగ తప్ప ఏమీ మిగలదు. ఊరి పెద్దలతో ముందే మాట్లాడి అలుగును మినహాయించమని అడగవచ్చు. నిఘా మాత్రం వారపు సంతల్లో కొత్తగా కనిపించి, అలుగు ఉందా అని అడిగి ఫోన్ నంబర్ ఇచ్చిపోయే బయటి మనిషి మీద ఉండాలి.